ఆర్మర్డ్ కోర్ 6 అరీనాలో పోరాటం నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2023 ఆగస్టు 25న ‘ఆర్మర్డ్ కోర్ 6: ఫైర్స్ ఆఫ్ రూబికాన్’ విడుదల చేసింది. మనమే భాగాలు కూర్చుకున్న పెద్ద పోరాట యంత్రాన్ని (రోబోని) నడిపే ఆట ఇది. 1997లో ప్లేస్టేషన్‌లో మొదలైన ఈ సిరీస్‌లో పదేళ్ల విరామం తర్వాత వచ్చిన గేమ్ ఇది. అందుకే ఇప్పుడు ఆడేవాళ్లలో చాలామందికి సిరీస్ కొత్త. కథ మిషన్లు ఎలాగో గట్టెక్కించి, అరీనాలోకి దిగాక తికమకపడేవాళ్లు దాదాపు ఒకేలాంటి ప్రశ్నలు అడుగుతున్నారు. వాటికి నాకు తెలిసినంతలో జవాబులివి. ఏ ఆయుధం కొనాలో చెప్పే జాబితా కాదు. పోరు మధ్యలో దేన్ని చూడాలి, దేనికోసం కాచుకోవాలి అన్నదే ఇందులో ఎక్కువగా ఉంటుంది.

అరీనా, నెస్ట్ రెండూ ఒకటేనా?

కాదు. అరీనాలో కంప్యూటర్ నడిపే పైలట్లతో ఒకరితో ఒకరు తలపడతారు. కథలో కిరాయి సైనికుల వ్యవహారాలు చూసే ఆల్‌మైండ్ అనే వ్యవస్థ ఈ నమూనా పోరాటాలు నడుపుతుంది. నమూనా పోరాటాలు కాబట్టి కథలో చనిపోయిన పైలట్ కూడా ఇక్కడ ఎప్పటికీ మీకోసం సిద్ధంగా ఉంటాడు. కథ తెలిసినవాళ్లకు ఆ పేర్ల వరుస చూస్తుంటే మనసు కాస్త బరువెక్కుతుంది.

నెస్ట్‌లో నిజమైన మనుషులతో ఆన్‌లైన్‌లో ఆడతారు. ఒకరితో ఒకరు, లేదా ముగ్గురితో ముగ్గురు. ర్యాంకు పోటీలు 2023 డిసెంబరు ప్యాచ్‌తో వచ్చాయి. ప్లేస్టేషన్‌లో నెస్ట్‌కి ఆన్‌లైన్ చందా కావాలి. అరీనాకి ఇంటర్నెట్ లేకపోయినా పరవాలేదు.

మిషన్లు బాగానే ఆడుతున్నాను. అరీనాలో మాత్రం ఎందుకు ఓడిపోతున్నాను?

మిషన్లో మీ దగ్గర మూడు రిపేర్ కిట్లు ఉంటాయి, అరీనాలో ఒక్కటీ ఉండదు. మిషన్లో దెబ్బలు తింటూ ముందుకెళ్లి కొట్టడం నడుస్తుంది. ఎందుకంటే పోయిన ఏపీలో (యంత్రం ప్రాణం) పెద్ద భాగం మళ్లీ నింపుకోవచ్చు. అరీనాలో పోయింది పోయినట్టే.

ఇంకో కారణం ఇంతకంటే ముఖ్యం. మిషన్లో మీ ముందుకొచ్చే శత్రువుల్లో ఎక్కువమంది మీకంటే బలహీనులు, లేదా మీకంటే ఎన్నో రెట్లు పెద్ద యంత్రాలు. అరీనాలో ఎదుటివాడి యంత్రం కూడా మీ దాంట్లాంటి భాగాలతోనే తయారైంది. అతనికీ డాష్ (ఒక్కసారిగా పక్కకి దూకడం) ఉంది, దానికి కావాల్సిన శక్తి చూపే ఎనర్జీ గేజ్ ఉంది, తూలిపోయే క్షణమూ ఉంది. అంటే మీకున్న బలహీనతలన్నీ అతనికీ ఉన్నాయి. ఈ సంగతి పట్టుబడితే కొట్టే బటన్ మీద ఉన్న ధ్యాస సగం అతని గేజ్ మీదికి మళ్లుతుంది. అసలు ఆట అక్కడ మొదలవుతుంది.

స్టాగర్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే ఎందుకు మాట్లాడతారు?

ఈ ఆటలో ప్రతి యంత్రానికీ ఏపీతో పాటు ఇంకో గేజ్ ఉంటుంది. దాన్ని ఏసీఎస్ గేజ్ అంటారు. యంత్రం తూలిపోకుండా నిలబెట్టే వ్యవస్థ మీద ఎంత ఒత్తిడి పడిందో అది చూపిస్తుంది. ప్రతి దెబ్బా ఏపీని కాస్త తగ్గిస్తుంది, ఈ గేజ్‌ని కాస్త నింపుతుంది. గేజ్ పూర్తిగా నిండిన క్షణాన యంత్రం తూలి, కదల్లేకుండా ఆగిపోతుంది. అదే స్టాగర్. ఆ కాసేపట్లో తగిలే ప్రతి దెబ్బకీ నష్టం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది ఆయుధాన్ని బట్టి మారుతుంది. స్టాగర్ అయిపోగానే గేజ్ సున్నాకి వచ్చి, లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

కాబట్టి ఒక పోరు మొత్తాన్ని మూడు నాలుగు స్టాగర్ల లెక్కలో చూడొచ్చు. మధ్యలో తగిలే చిల్లర దెబ్బలతో గెలుపోటములు తేలడం అరుదు. ఎవరు ఎక్కువసార్లు ఎదుటివాడిని తూలేలా చేశారు, తూలినప్పుడు ఎంత గట్టిగా కొట్టారు అన్నదే లెక్క.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. గేజ్ ముప్పావు వంతు నిండి ఉండగా భుజం మీది పెద్ద గ్రెనేడ్ ఫిరంగిని పేలుస్తారు. ఆ దెబ్బతోనే గేజ్ నిండి ఎదుటివాడు తూలిపోతాడు. చూడ్డానికి బాగుంటుంది. కానీ తూలేలా చేసిన ఆ దెబ్బకి స్టాగర్ లాభం దక్కదు. ఇక ఫిరంగి రీలోడ్ అయ్యేలోపు అతను లేచి నిలబడతాడు. మీ అతిపెద్ద ఆయుధాన్ని తలుపు తెరవడానికే ఖర్చు చేసేశారు, లోపలికి వెళ్లడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. గేజ్ ముప్పావుకి చేరాక పెద్ద ఆయుధం బటన్ మీంచి వేలు తీసేయండి. మిగతాది రైఫిల్‌తోనో మెషీన్‌గన్‌తోనో నింపి, అతను తూలిన తర్వాతే దాన్ని వాడండి. ఈ ఒక్క అలవాటు వస్తే చాలామంది అరీనాలో కింది మెట్లన్నీ దాటేస్తారు.

నా గేజ్ నిండబోతుంటే ఏం చేయాలి?

వెనక్కి తగ్గండి. గోడో స్తంభమో ఏదో ఒకటి అడ్డం పెట్టుకోండి. దెబ్బలు ఆగితే గేజ్ తగ్గుతూ వస్తుంది. అయితే అన్ని దెబ్బల ప్రభావమూ ఒకే వేగంతో పోదు. కొన్ని ఆయుధాలు గేజ్‌ని ఒక్కసారిగా పైకి లేపుతాయి గానీ అది త్వరగా దిగిపోతుంది. ఇంకొన్నింటి ప్రభావం నెమ్మదిగా పెరుగుతుంది, తొందరగా పోదు. గ్యారేజ్‌లో ఆయుధం వివరాల్లో ఇంపాక్ట్ అని ఒక అంకె, అక్యుమ్యులేటివ్ ఇంపాక్ట్ అని ఇంకో అంకె వేరుగా కనిపించేది ఇందుకే. ఎదుటివాడు ఆగకుండా మెషీన్‌గన్ కాలుస్తుంటే గేజ్ దిగే వ్యవధే దొరకదు. అలాంటప్పుడు అక్కడక్కడే అటూ ఇటూ డాష్ కొడుతూ నిలబడితే లాభం లేదు, చూపు తెగేలా అడ్డం వెతుక్కోవాల్సిందే.

మీరు ఒకసారి తూలి లేచిన వెంటనే మీ గేజ్ ఖాళీగా ఉంటుంది. ఎదుటివాడు చేతిలో ఉన్నవన్నీ పేల్చేసి రీలోడ్‌లో ఉంటాడు. చాలామంది భయంతో అప్పుడే వెనక్కి పారిపోతారు. నిజానికి ఎదురు దూకడానికి పోరు మొత్తంలో అంతకంటే మంచి అదను దొరకదు. అదే లెక్క తిరగేస్తే, మీరు ఎదుటివాడిని తూలేలా చేసి కొట్టాక, అతను లేవకముందే అతని ముందు నుంచి తప్పుకోవాలి.

ఏ ఆయుధాలు కలిపి పెట్టుకోవాలి?

చేతులకి రెండు, భుజాలకి రెండు, మొత్తం నాలుగు ఆయుధాలు ఉంటాయి. వీటిలో ఏది గేజ్ నింపడానికి, ఏది తూలినవాడిని కొట్టడానికి అన్నది పోరులోకి దిగకముందే మీ మనసులో స్పష్టంగా ఉండాలి. నాలుగూ నింపేవే అయితే ఎదుటివాడు పదేపదే తూలుతాడు గానీ చావడు. నాలుగూ కొట్టేవే అయితే అతను తూలనే తూలడు.

ఆట మొదట్లో ఇచ్చే యంత్రాన్నే చూడండి. కుడిచేతిలో ఆర్‌ఎఫ్-024 టర్నర్ రైఫిల్, ఎడమచేతిలో పల్స్ బ్లేడ్, భుజం మీద నాలుగు గొట్టాల మిసైల్ లాంచర్. చాలామంది దీన్ని తొందరగా పక్కన పడేస్తారు. నా మటుకు నాకు ఈ ఆటలో అంతకంటే మంచి పాఠం చెప్పే యంత్రం లేదు. మిసైళ్లు వదిలితే ఎదుటివాడు తప్పించుకోవడానికి ఎనర్జీ ఖర్చు పెడతాడు. రైఫిల్ గేజ్ నింపుతుంది. తూలగానే బ్లేడ్‌తో రెండు వేట్లు. మూడు ఆయుధాలకి మూడు పనులు, ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు. మిగతా మంచి బిల్డ్‌లన్నీ (భాగాలు కలిపి కట్టిన యంత్రాలన్నీ) ఇదే కూర్పుకి వేరువేరు రూపాలు. రైఫిల్ స్థానంలో హు-బెన్ గాట్లింగ్ గన్, బ్లేడ్ స్థానంలో ఆష్‌మీడ్ పైల్ బంకర్ (దగ్గర నుంచి పెద్ద మేకు దించే చేతి ఆయుధం) పెడితే నింపడం వేగమవుతుంది, కొట్టే దెబ్బ భయంకరంగా ఉంటుంది. కానీ గాట్లింగ్ వేడెక్కి ఆగిపోతుంది, బంకర్‌కి చేయి చాపే దూరం చాలా తక్కువ. తూలినవాడి దగ్గరికి సమయానికి చేరలేకపోతే ఆ బంకర్ ఉన్నా లేనట్టే.

కైనెటిక్ తూటాల (మామూలు గుళ్ల) గురించి ఒక మాట. ప్రతి తుపాకీకి అది బాగా పనిచేసే దూరం ఉంటుంది. ఆ దూరం దాటి కాలిస్తే తూటాలు కవచం మీద తగిలి జారిపోతాయి. నష్టమూ పెద్దగా ఉండదు, గేజూ నిండదు. ‘అన్నీ తగులుతున్నాయి, ఏమీ కావడం లేదు’ అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఎంత దూరం నుంచి కాలుస్తున్నారని.

ఎనర్జీ ఎప్పుడూ అవసరమైనప్పుడే అయిపోతోంది. జెనరేటర్ మార్చాలా?

జెనరేటర్ అంటే ఎనర్జీ ఇచ్చే భాగం. దాన్ని మార్చొచ్చు. కానీ ముందు ఖర్చు ఎక్కడవుతోందో చూసుకోండి. నేల మీద మామూలు బూస్ట్‌తో జారుతూ తిరగడానికి ఎనర్జీ ఖర్చు కాదు. ఖర్చయ్యేది క్విక్ బూస్ట్ (డాష్‌కి ఆటలో ఉన్న పేరు) కొట్టినప్పుడు, అసాల్ట్ బూస్ట్‌తో దూసుకెళ్లినప్పుడు, పైకి లేచినప్పుడు, కత్తితో ముందుకు దూకినప్పుడు. కొత్తవాళ్ల ఎనర్జీలో ఎక్కువ భాగం అక్కర్లేని డాష్‌లకే పోతుంది. ఎదుటివాడు కాల్చకముందే భయంతో ఒకటి, కాల్చాక ఇంకొకటి, అలవాటు కొద్దీ మూడోది. నాలుగో డాష్ నిజంగా అవసరమయ్యేసరికి గేజ్ ఖాళీ.

కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఎంతమందిని తాకాలా అని చూస్తూనే గీత దాకా తిరిగి రావడానికి ఊపిరి దాచుకుంటాడు. ఇక్కడ ఎనర్జీని అలాగే వాడాలి. లోపలికి దూకేముందే బయటికి రావడానికి ఒక డాష్‌కి సరిపడా పక్కన పెట్టుకోండి. గేజ్ పూర్తిగా సున్నాకి చేరితే మళ్లీ నిండడం మొదలవడానికే కాసేపు పడుతుంది. ఆ కాసేపూ మీరు నేల మీద నడుస్తున్న గురి బొమ్మ. కాస్త మిగిలి ఉండగా ఆపితే అంతకంటే త్వరగా నిండడం మొదలవుతుంది. గాల్లో కంటే నేల మీద ఉన్నప్పుడు త్వరగా నిండుతుంది కాబట్టి, ఊరికే గాల్లో తేలుతూ ఉండిపోవద్దు. దిగండి, పీల్చుకోండి, మళ్లీ లేవండి.

ఇదే కన్నుతో ఎదుటివాడినీ చూడండి. చాలాసేపు గాల్లో ఉండి వరుసగా డాష్‌లు కొట్టినవాడు నేల మీదికి జారుతున్నాడంటే అతని ఎనర్జీ అయిపోయిందని అర్థం. మీ మిసైళ్లు, మీ పెద్ద ఫిరంగి వదలాల్సింది అప్పుడే. అతను ఎనర్జీతో నిండుగా ఉన్నప్పుడు వదిలిన ఫిరంగి గుండు నూటికి తొంభై పాళ్లు గోడకే తగులుతుంది.

జెనరేటర్ మార్చేటప్పుడు కెపాసిటీ ఒక్కటే చూసి కొనకండి. నిండడం ఎంత త్వరగా మొదలవుతుంది, పూర్తిగా అయిపోయాక ఎంత త్వరగా కోలుకుంటుంది, కోలుకున్నప్పుడు ఒక్కసారిగా ఎంత ఇస్తుంది, ఇవి మూడు వేరువేరు అంకెలు. పెద్ద ట్యాంకు ఉండి నెమ్మదిగా కోలుకునే జెనరేటర్ ఓపికగా ఆడేవాళ్లకి బాగుంటుంది. తరచూ ఖాళీ చేసుకునేవాళ్లకి అది శిక్షే.

ఎంత దూరంలో ఉండి పోరాడాలి?

గురి చూసే భాగాన్ని ఎఫ్‌సీఎస్ అంటారు. దాని పనితనం మూడు దూరాలకి విడివిడిగా ఉంటుంది: 130 మీటర్ల లోపు దగ్గర, 130 నుంచి 260 దాకా మధ్యస్థం, ఆపైన దూరం. షాట్‌గన్లు పట్టుకొని దూరపు గురికి మంచిదైన ఎఫ్‌సీఎస్ పెట్టుకుంటే మీ తూటాలు ఎదుటివాడి పక్కనుంచి పోతుంటాయి. తుపాకులు, ఎఫ్‌సీఎస్, మీరు తిరిగే దూరం, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. తెరమీద లక్ష్యం పక్కనే దూరం అంకె కనిపిస్తూ ఉంటుంది. కొన్ని పోరాటాలు కేవలం ఆ అంకె మీదే కన్నుంచి ఆడి చూడండి. మీకు ఎక్కువ దెబ్బలు ఏ దూరంలో తగులుతున్నాయో తెలిశాక ఆశ్చర్యపోతారు.

టార్గెట్ అసిస్ట్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకోవచ్చా?

అరీనాలో మొదట్లో ఉంచుకోండి. కెమెరా తనంతట తానే శత్రువు వైపు తిరుగుతుంది కాబట్టి మీ ధ్యాస గేజ్‌ల మీద నిలుస్తుంది. అయితే అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఎఫ్‌సీఎస్ గురి పనితనం తగ్గుతుంది. నెస్ట్‌కి వెళ్లే నాటికి కెమెరాని చేత్తో తిప్పడం అలవాటు చేసుకోక తప్పదు.

కాళ్లు ఏ రకం తీసుకోవాలి?

రెండు కాళ్ల యంత్రంతో మొదలుపెట్టండి. అన్నీ ఓ మోస్తరుగా చేస్తుంది, దేనిలోనూ మీ తప్పుల్ని దాచదు. వెనక్కి వంగిన కీళ్లున్న కాళ్లు ఎగరడంలో దిట్ట. పై నుంచి దాడి చేయాలనుకునేవాళ్లకి బాగుంటాయి. నాలుగు కాళ్లది గాల్లో నిలకడగా తేలగలదు. ట్యాంకు కాళ్లు బరువుని, దెబ్బని బాగా తట్టుకుంటాయి.

పెద్ద బజూకాలు, గ్రెనేడ్ ఫిరంగులు పేల్చేటప్పుడు రెండు కాళ్ల యంత్రం, వెనక్కి వంగిన కీళ్ల యంత్రం ఒక్క క్షణం ఆగిపోతాయి. ట్యాంకు, తేలుతున్న నాలుగు కాళ్ల యంత్రం కదులుతూనే పేలుస్తాయి. ఎదుటివాడు ఆ ఆగిన క్షణం కోసమే కాచుకొని ఉంటాడు. కాబట్టి రెండు కాళ్ల మీద సాంగ్‌బర్డ్స్ లాంటి జంట గుళ్ల ఫిరంగి పెట్టుకుంటే దాన్ని స్టాగర్‌లో తప్ప ఇంకెక్కడా వాడొద్దు. అదే ట్యాంకు మీద పెట్టుకుంటే ఇంకొంచెం ఉదారంగా వాడొచ్చు.

ఏ కాళ్లు కొనాలో తేల్చుకోలేకపోతే ఆల్‌మైండ్ శిక్షణ పాఠాలు పూర్తి చేయండి. కొన్నింటికి భాగాలే బహుమతిగా వస్తాయి. పైగా ఈ ఆటలో ఏ భాగమైనా కొన్న ధరకే తిరిగి అమ్ముకోవచ్చు. ప్రయోగం చేయడానికి డబ్బు భయం అక్కర్లేదు.

బరువైన యంత్రమా, తేలికైనదా?

బరువు పెరిగితే కవచం, తూలకుండా నిలబడే శక్తి పెరుగుతాయి, వేగం తగ్గుతుంది. ఇది అందరికీ తెలుసు. అందరూ పట్టించుకోనిది బూస్టర్ (యంత్రాన్ని ముందుకి నెట్టే భాగం) వివరాల్లో ఉండే ఒక అంకె: క్విక్ బూస్ట్ రీలోడ్‌కి తగిన బరువు. మీ యంత్రం మొత్తం బరువు దాన్ని దాటితే ఒక డాష్‌కీ ఇంకో డాష్‌కీ మధ్య విరామం పెరుగుతుంది. కొద్దిపాటి బరువు కోసం ఆ గీత దాటడం దండగ. ఒక భాగాన్ని కాస్త తేలికైనదానితో మార్చి గీత కిందకి రండి, యంత్రం ఒక్కసారిగా చురుకవుతుంది. అలాగే తూలకుండా నిలబడే శక్తి తల, మొండెం, కాళ్ల నుంచి వస్తుంది, చేతుల నుంచి కాదు. బరువు తగ్గించాల్సి వస్తే చేతుల దగ్గర మొదలుపెట్టండి. చేతుల్లో మాత్రం తుపాకీ అదుపు, కత్తి పనితనం అంకెలు చూసుకోవాలి.

కోర్ ఎక్స్‌పాన్షన్లలో ఏది మంచిది?

ఇవి యంత్రానికి అదనంగా పెట్టుకునే ప్రత్యేక శక్తులు. అరీనాలో గెలిస్తే వచ్చే ఓఎస్‌టీ చిప్‌లతో వీటిని తెరుస్తారు. అసాల్ట్ ఆర్మర్ మీ చుట్టూ పేలి దగ్గర ఉన్నవాడి గేజ్‌ని బాగా నింపుతుంది. పల్స్ ఆర్మర్ కాసేపు కవచంలా కప్పుతుంది. పల్స్ ప్రొటెక్షన్ ఒకచోట గొడుగులా నిలబడుతుంది. టెర్మినల్ ఆర్మర్ ఏపీ అయిపోయిన క్షణంలో తనంతట తానే పనిచేసి కొద్దిసేపు బతికిస్తుంది.

నేర్చుకునేవాళ్లకి నా ఓటు అసాల్ట్ ఆర్మర్‌కి. దాన్ని ఎప్పుడు వాడాలో తెలియాలంటే ఎదుటివాడు ఎప్పుడు మీదికి దూకుతాడో ముందే పసిగట్టాలి. ఆ పసిగట్టడమే మీకు కావాల్సింది. అరీనాలో అట్టడుగున ఉండే ఇన్‌విన్సిబుల్ రమ్మీ రంపం పట్టుకొని తిన్నగా మీదికొచ్చేస్తాడు. అతని మీద దీన్ని సాధన చేయండి. చిప్‌లు మిగిలితే వెపన్ బే తీసుకోండి, భుజం మీద అదనపు చేతి ఆయుధం మోయొచ్చు. బూస్ట్ కిక్ కూడా తీసుకోండి, ఖర్చు లేని మంచి దెబ్బ అది. తర్వాత మనసు మారితే ఆటలోని డబ్బు కట్టి చిప్‌లన్నీ వెనక్కి తీసుకోవచ్చు.

బాగా ఆడేవాళ్ల బిల్డ్‌ని షేర్ ఐడీతో దించుకుంటే సరిపోదా?

షేర్ ఐడీ అంటే ఒకరి బిల్డ్‌ని ఇతరులకి పంచే కోడ్. మీ ప్లాట్‌ఫామ్‌లోనే (ప్లేస్టేషన్, పీసీ లాంటివి) తయారైన ఐడీ అయితే దించుకోవచ్చు. కానీ నేర్చుకోవడానికి అది వంకర దారి. ఆ యంత్రంలో ప్రతి భాగమూ దాన్ని కట్టినవాడి అలవాటుకి జవాబు. అతను ఎనర్జీని ఎలా ఖర్చు చేస్తాడో, ఏ దూరంలో తిరుగుతాడో దాన్ని బట్టి జెనరేటర్, ఎఫ్‌సీఎస్ ఎంచుకున్నాడు. మీ అలవాట్లు వేరు. ఓడిపోయినప్పుడు తప్పు యంత్రంలో ఉందో మీ చేతిలో ఉందో మీకు తెలియదు.

ఒకే యంత్రంతో చాలాకాలం ఆడండి. ఒక్కో ఓటమి తర్వాత ఒకే ఒక్క భాగం మార్చండి. రెండు భాగాలు ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. దించుకున్న బిల్డ్‌ని చూసి ‘ఈ జెనరేటర్ ఎందుకు పెట్టాడు?’ అని ఆలోచించడం మాత్రం మంచి అలవాటు.

నెస్ట్‌లో జంట షాట్‌గన్లతో మీద పడేవాళ్లని ఎలా ఎదుర్కోవాలి?

ఆట విడుదలైన కొత్తలో జిమ్మర్‌మన్ షాట్‌గన్ జతగా పట్టుకున్నవాళ్లే ఎక్కడ చూసినా కనిపించేవారు. తర్వాతి ప్యాచ్‌లలో దాని జోరు తగ్గించారు. అయినా దగ్గరికి దూకి రెండూ పేల్చి పోయే పద్ధతి పోలేదు. వాళ్ల బలం ఒకే లయలో ఉంటుంది: దూకడం, పేల్చడం, రీలోడ్ అయ్యేదాకా పక్కకి తప్పుకోవడం, మళ్లీ దూకడం. మీరు వెనక్కి డాష్ కొడితే ఆ లయకి సరిపోతారు, ఎందుకంటే ముందుకి దూసుకొచ్చేవాడి వేగం ముందు వెనక్కి వెళ్లేవాడి వేగం చాలదు. పక్కకి, లేదా ఏటవాలుగా వాళ్ల వెనక్కి డాష్ కొట్టండి. వాళ్లు తిరిగి మిమ్మల్ని వెతుక్కునే ఆ క్షణం మీది. రీలోడ్ సమయంలో వాళ్ల చేతిలో ఏమీ ఉండదు, అప్పుడు వెంటపడండి.

దూరంగా పారిపోతూ కాల్చేవాళ్లతో విసుగొస్తోంది. ఏం చేయాలి?

ఈ పద్ధతి మీద ఆటగాళ్లలో చాలా వాదన నడిచింది. నాకూ ఇష్టం లేదు గానీ, నియమాల్లో ఉన్న ఆటే అది. తేలికపాటి వేగమైన యంత్రం, దూరం నుంచి కాల్చే రైఫిళ్లు, మధ్యలో మిసైళ్లు. కాస్త ఏపీ ఆధిక్యం దొరికితే చాలు, ఇక దగ్గరికి రారు.

వాళ్ల వెనక తిన్నగా పరుగెత్తకండి. అసాల్ట్ బూస్ట్‌తో ఎనర్జీ అంతా ఖర్చు చేసుకొని వాళ్ల దగ్గరికి చేరేసరికి మీకు డాష్ మిగలదు. సరిగ్గా అందుకోసమే వాళ్లు ఆడుతున్నారు. మైదానం అంచు ఎక్కడుందో చూసుకోండి. వాళ్లని మూలకి నెట్టేలా ఏటవాలుగా నడవండి, అడ్డం వెనక నిలబడి ఎనర్జీ నింపుకోండి, వాళ్లు నేలకి దిగినప్పుడే దూకండి. తేలికపాటి యంత్రం గేజ్ త్వరగా నిండుతుంది. ఒక్క స్టాగర్ దొరికితే ఆట తిరగబడుతుంది. అన్నిటికంటే ముందు, మొదటి ఆధిక్యం వాళ్లకి ఇవ్వకుండా చూసుకోండి. వెనకబడినవాడు పారిపోతూ ఆడలేడు.

ముగ్గురితో ముగ్గురు ఆడేటప్పుడు ఏం మారుతుంది?

అక్కడ ఎదుటి ముగ్గురిలో ఒకరినే ఎంచుకొని మీ జట్టు ఇద్దరు కలిసి అతని గేజ్ నింపితే, ఒంటరిగా నింపే సమయంలో సగం చాలు. ఎవరిని ముందు కొట్టాలో స్నేహితులతో మాట్లాడుకుంటూ ఆడితే సగం గెలిచినట్టే. మాట్లాడుకునే వీలు లేకపోతే పక్కవాడు ఎవరిని కొడుతున్నాడో అతన్నే కొట్టండి.

కంట్రోలర్‌తోనా, కీబోర్డు మౌస్‌తోనా?

రెండింటితోనూ బాగా ఆడేవాళ్లున్నారు. కంట్రోలర్ అయితే బటన్లు మార్చుకోండి. డాష్ కొట్టేటప్పుడు, ఎగిరేటప్పుడు కుడి బొటనవేలు కెమెరా స్టిక్ మీంచి లేవకుండా ఉండేలా చూసుకోవాలి. వెనక బటన్లున్న కంట్రోలర్ ఉంటే మంచిది. లేకపోతే ఆయుధాల బటన్లలో ఒకదాన్ని త్యాగం చేసి అక్కడ క్విక్ బూస్ట్ పెట్టుకోవడం కూడా మేలే. కొద్దిరోజులు చేయి తడబడుతుంది, తర్వాత అలవాటవుతుంది.

మెనూలో అంకెలన్నీ ఇంగ్లీషులో, పొట్టి పేర్లతో ఉన్నాయి. అన్నీ అర్థం చేసుకోవాలా?

అక్కర్లేదు. ఆట తెలుగులో లేదు, మొదట ఆ అంకెల గోడ చూస్తే ఎవరికైనా బెదురే. మొదటి నెల నాలుగు చూస్తే చాలు: ఏపీ, యాటిట్యూడ్ స్టెబిలిటీ (తూలకుండా నిలబడే శక్తి), జెనరేటర్ కోలుకునే వేగం, మొత్తం బరువు. ఆయుధాల్లో అయితే ఇంపాక్ట్, రీలోడ్ సమయం, బాగా పనిచేసే దూరం. కవచం అంకెలు మూడు రకాలు: కైనెటిక్, ఎనర్జీ, ఎక్స్‌ప్లోజివ్. ఎవరి చేతిలోనైనా పదేపదే ఓడిపోతుంటే అతను ఏ రకం ఆయుధాలు వాడుతున్నాడో చూసి ఆ ఒక్క రకానికి కవచం పెంచుకోండి.

సాధన ఎలా చేయాలి?

గ్యారేజ్‌లో ఏసీ టెస్ట్ (మీ యంత్రాన్ని పరీక్షించుకునే చోటు) ఉంది. కొత్త ఆయుధం కొన్న ప్రతిసారీ ముందు అక్కడికి వెళ్లి, ఎదుటి యంత్రాన్ని ఎన్ని దెబ్బలకి తూలేలా చేయగలరో, తూలిన కాసేపట్లో ఏ వరుసలో కొడితే ఎక్కువ నష్టం చేయగలరో తేల్చుకోండి. ఆ వరుస ఆలోచించకుండా చేతికి రావాలి. స్టాగర్ వచ్చాక ‘ఇప్పుడేం నొక్కాలి?’ అని ఆలోచిస్తే అప్పటికే అతను లేచిపోతాడు.

తర్వాత అరీనాలో గెలిచిన పైలట్ల దగ్గరికే మళ్లీ వెళ్లండి. ఈసారి గెలవడానికి కాదు, ఒక్కో విషయానికి. ఒకసారి క్విక్ బూస్ట్‌ని వీలైనంత తక్కువ వాడుతూ ఆడండి. ఇంకోసారి ఎనర్జీ ఎప్పుడూ సున్నాకి చేరకుండా ఆడండి. రస్టీ నడిపే స్టీల్ హేజ్ తేలికైనది, చాలా చురుకైనది. కళ్లకి దాన్ని మించిన సాధన లేదు, అతను నేలకి దిగే క్షణాలు లెక్కపెట్టండి. పై ర్యాంకుల్లో స్నెయిల్, అన్నిటికంటే పైన ఫ్రాయిడ్ ఉంటారు. అక్కడిదాకా వచ్చాక మీ ఆటలో ఏ లోపం మిగిలిందో వాళ్లే చూపిస్తారు.

ఓడిన పోరుని రికార్డు చేసి చూసుకోవడం మంచి అలవాటు. ఇప్పటి కన్సోళ్లలో, పీసీలో ఆ సౌకర్యం ఎలాగూ ఉంది. మీరు తూలిపోయిన ప్రతిచోటా ఆపి, దానికి అయిదు సెకన్ల ముందు మీ ఎనర్జీ ఎంతుందో చూడండి. చాలాసార్లు ఓటమి అక్కడే రాసిపెట్టి ఉంటుంది.

ఫోన్‌లో వార్ రోబోట్స్, మెక్ అరీనా ఆడుతున్నాను. ఇవన్నీ అక్కడ పనికొస్తాయా?

కొంతవరకే. 2014లో పిక్సానిక్ తెచ్చిన వార్ రోబోట్స్‌లో ఆరుగురితో ఆరుగురు ఆడతారు. ప్లేరియం 2021లో తెచ్చిన మెక్ అరీనాలో అయిదుగురితో అయిదుగురు, ఇద్దరితో ఇద్దరు ఆడే పద్ధతులున్నాయి. వాటిలో స్థావరాలు పట్టుకోవడం, భవనాల చాటున నిలబడటం ముఖ్యం. దూరం లెక్క, ఎదుటివాడు రీలోడ్‌లో ఉన్నప్పుడే బయటికి రావడం, పక్కవాడు కొడుతున్నవాడినే కొట్టడం, ఇవి మూడూ ఎక్కడైనా పనికొస్తాయి. స్టాగర్ చుట్టూ తిరిగే ఈ లయ మాత్రం ఆర్మర్డ్ కోర్ 6ది.

నెస్ట్‌కి ఎప్పుడు వెళ్లాలి?

అరీనాలో సగం మెట్లు ఎక్కాక వెళ్లండి, అంతా పూర్తయ్యేదాకా ఆగకండి. కంప్యూటర్ పైలట్లు ఎంత గట్టివాళ్లయినా ఒకే తీరులో ఆడతారు. ఆ తీరుకి మరీ అలవాటు పడితే మనుషుల ముందు చేతులు కట్టేసినట్టవుతుంది. మొదట ర్యాంకు లేని గదుల్లో, తెలిసినవాళ్లతో ఆడటం మేలు. పోరు అయ్యాక ‘నన్ను ఎక్కడ పట్టుకున్నావు?’ అని అడిగితే చెబుతారు. ఎదుటివాళ్లు దూరదేశంలో ఉంటే కనెక్షన్ ఆలస్యం వల్ల కత్తి దెబ్బలు తగలనట్టే కనిపిస్తాయి. అలాంటి పోరాటాలకి బ్లేడ్, బంకర్ పక్కనపెట్టి మిసైళ్లు, ఫిరంగులతో దిగండి.